సరుగుడుతోట నిశ్శబ్దం

చావలి నిరంజన్ పేరెత్తితే చాలు, వాసంశెట్టి తాతారావు నోట్లో ఉన్న టీ అయినా ఉమ్మేసి మరీ తిడతాడు.

"సంగీత విద్వాంసుడంట! తీగ మీటడు, గొంతెత్తడు. దొంగన్నాక గోడకి కన్నం వెయ్యాలి, బీరువా తాళం పగలగొట్టాలి. ఈడు దేన్నీ ముట్టుకోకుండా నా కొంప ముంచేశాడండి" అంటాడు.

వినేవాళ్ళకి పోయిందేమిటో అంతుపట్టదు. కేసు పెడదామని స్టేషన్‌కి వెళ్తే అక్కడి రైటరూ అదే అడిగాడు. "ఇంతకీ పోయిందేంటయ్యా? రాసుకోవాలిగా." తాతారావు చెప్పులు తొడుక్కుని తిరిగొచ్చేశాడు.

అతనిది అల్లవరం అవతల సముద్రపు ఒడ్డు. ఏడో తరగతి సగంలో ఉండగానే తండ్రి బడి మాన్పించి సైకిలు మీద మైకు బాకాలు మోయించాడు. అది మొదలు యాభై రెండేళ్ళ వయసు దాకా అతను చేసిన పని ఒక్కటే. పెళ్ళయినా, తీర్థమైనా, ఓట్లయినా, ఎవరైనా పోయినా, మైకు సెట్టు తాతారావుదే. చెవుల్లో ఎప్పుడూ ఒక రొద. పడుకున్నా, తింటున్నా, తుమ్మెద దూరినట్టు జుంయ్‌మంటూ ఉండేది.

అలాంటి మనిషి కాపురం మాత్రం మండలం మొత్తానికీ చప్పుడు లేని చోట. తండ్రి వదిలిపోయిన సరుగుడుతోట, మధ్యలో రెండు గదుల పెంకుటిల్లు. సరుగుడు గాలికి హోరెత్తుతుందని అందరూ అంటారు గానీ ఆ తోటలో అదీ లేదు. సముద్రానికీ తోటకీ నడుమ తాటిచెట్టంత ఇసుకమెట్ట ఉంది. అది అలల మోతని అవతలే ఆపి, గాలిని పైపైకి ఎత్తేసేది. గేటు దాటి పది అడుగులు వేస్తే తాతారావు చెవిలో తుమ్మెద దానంతటదే బయటికి పోయేది. ఇంట్లో రేడియో కూడా ఉండనిచ్చేవాడు కాదు.

"ఊరందరికీ పాటలు పెడతావు, నా చేత మూగనోము పట్టిస్తావు" అని దెప్పేది భార్య రత్నం. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. పిల్లల్లేరు. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఏనాడూ పైకి అనుకోలేదు. తాతారావు తల్లి బతికున్నన్నాళ్ళూ ఇద్దరికీ సరిపడా ఆవిడే అంది.

నిరంజన్ ఆ తోటకి వచ్చింది మాఘమాసంలో. వెంట అతని అక్క డాక్టర్ ఇందుమతి. ఆవిడ హైదరాబాదులో శబ్దం మీద పరిశోధన చేసే ఆవిడ. అతను పద్దెనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకుని, గురువుగారితో తెగతెంపులు చేసుకుని, ఎవరూ వెళ్ళని దారి పట్టిన మనిషి. ఒక కచేరీలో వయొలిన్ తీగలు ఊడదీసి ఉత్త కర్ర మీద కమాను లాగాడట. ఇంకోసారి ఘటం నిండా నీళ్ళు పోసి, కింద కుంపటి పెట్టి, అవి ఆవిరయ్యేదాకా జనాన్ని కూర్చోబెట్టాడట. చివరిదాకా మిగిలింది ఏడుగురని అతనే గర్వంగా చెప్పాడు.

"ఆ ఏడుగురూ తలుపులేసేశారని ఉండిపోయారేమో కనుక్కున్నారా?" అంది రత్నం, మజ్జిగ గ్లాసు అందిస్తూ.

ఇందుమతి ఫక్కున నవ్వింది. నిరంజన్ నవ్వలేదు.

చప్పుడు లేని చోటు వెతుక్కుంటూ వాళ్ళు అప్పటికే మూడు జిల్లాలు తిరిగారు. చేతిలో ముల్లున్న మీటరు. ఎక్కడికి పోయినా చేపల చెరువు ఇంజనో, లారీయో, గుడి మైకో. ఆ గుడి మైకుల్లో సగం తాతారావువే. ఈ తోటలో మాత్రం ముల్లు కిందికంటా దిగి, చచ్చిన చీమలా పడుకుంది.

అరుగు మీద ఇందుమతి ఒక చెక్కపెట్టె తెరిచింది. అగ్గిపెట్టెలు సర్దుకునే డబ్బా కంటే పెద్దదేం కాదు. దానికి తగిలించిన రాగి గొట్టం పిడిని నెమ్మదిగా వెనక్కి లాగి, పెట్టెలో ఒక గరిటె పెట్టి గోటితో కొట్టింది. ఠంగుమంది. ఆ ఠంగు తగ్గలేదు. ఆవిడ గరిటె తీసి పక్కన పెట్టేసింది. పెట్టె ఉత్తదే, అయినా అందులో మోత మోగుతూనే ఉంది. తాతారావు చెవి ఆనించి చూశాడు. కొట్టినప్పుడు ఎంతుందో అంతే ఉంది.

"చప్పుడు దానంతటది చావదండి" అంది ఇందుమతి. "చోటు దాన్ని తాగేస్తుంది. ప్రతి చోటుకీ ఆ దాహం ఉంటుంది. ఈ గొట్టంలోకి తీసింది ఆ దాహాన్నే." పిడి లోపలికి నొక్కింది. మోత ఠక్కున ఆగిపోయింది. ఆగిన చోట ఏదో మెత్తగా చెంపకి తగిలినట్టనిపించి తాతారావు వెనక్కి జరిగాడు.

"అయితే మా తోటలో దాహం పట్టుకుపోతారన్నమాట."

"కచేరీలో విడిచిపెడతాను" అన్నాడు నిరంజన్. "జనం ఇంతవరకూ విన్న నిశ్శబ్దం నిశ్శబ్దం కాదు తాతారావుగారూ. ఫ్యాను చప్పుడు, దగ్గు, పక్కవాడి ఊపిరి. అసలుది ఒక్కసారి వినిపించాలి. అది వింటే మళ్ళీ పాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది."

"మరి మా తోట గతి?"

"మూడు రోజుల్లో మళ్ళీ ఊరుతుంది, చెలమలో నీళ్ళలా" అంది ఇందుమతి. "ఆకులు, పిట్టలు ఫర్వాలేదు, అవి ఈ చోటువే. మనిషి గొంతు మాత్రం పడకూడదు. పడితే ఆ ఊట అక్కడికి మూసుకుపోతుంది. మళ్ళీ ఊరదు."

రత్నం గుమ్మంలోంచే అంది. "నీళ్ళడిగితే ఇయ్యొచ్చు. బావినడిగితే ఇత్తావా?"

తాతారావు కూడా ఇవ్వకపోయేవాడే. కానీ నిరంజన్ వెళ్ళేముందు అన్నాడు: "నలభై ఏళ్ళు శబ్దాన్ని మోసిన చెవులు మీవి. కచేరీ కాగితం మీద మీ పేరు వేస్తాను. ఆ రోజున యంత్రం మీ చేతుల మీదే నడవాలి."

అక్కడ పడ్డాడు తాతారావు. అన్ని వేల పెళ్ళిళ్ళకి మైకు పెట్టాడు. పురోహితుడి పేరు వేసిన శుభలేఖలున్నాయి, బాజా మేళం పేరు వేసినవున్నాయి. మైకువాడి పేరు వేసిన శుభలేఖ ఒక్కటి లేదు. చదువుకున్నవాడు తనని గారూ అని పిలిచి సలహా అడిగితే, ఏడో తరగతివాడికి తల తిరగదూ.

తోట నాలుగు మూలలా రాగి కడ్డీలు పాతారు. వాటి మధ్య సన్నటి తీగ లాగారు. నడిమధ్యన పాలక్యానంత రాగి డ్రమ్ము పెట్టి ఇందుమతి పొద్దున్నే మొదలెట్టింది, మధ్యాహ్నానికి అయిపోయింది. మూత బిగించాక డ్రమ్ము మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది, అంతే. మూడో రోజు సాయంత్రం ఐదింటి దాకా ఎవరూ లోపలికి పోకూడదని, పోయినా నోరు మెదపకూడదని చెప్పి వాళ్ళు డ్రమ్ముతో వెళ్ళిపోయారు.

కాపలా తాతారావే కాశాడు. గేటుకి తాడు కట్టాడు. గేదెని బావమరిది ఇంటికి తోలించాడు. కల్లుగీసేవాళ్ళకి, మేకలు తోలేవాళ్ళకి ఒక్కొక్కరికీ చెప్పి, "మాట్టాడారా, కాళ్ళిరగ్గొడతాను" అని బెదిరించాడు. తనూ రత్నం ఊళ్ళో మైకు కొట్లో పడుకున్నారు. చెవిలో తుమ్మెద రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి ఇక పట్టలేక ఒక్కడూ తోటలోకి వెళ్ళాడు. ఊరిందో లేదో చూద్దామనే తప్ప వేరే ఉద్దేశం లేదు. నడిమధ్యన నిలబడ్డాడు. తుమ్మెద తగ్గినట్టే ఉంది. పూర్తిగా తగ్గిందా? చూడాలి. కొత్తగా తీగ లాగిన చోట నిలబడినప్పుడల్లా నలభై ఏళ్ళుగా ఏం చేశాడో అదే చేశాడు. పిడికిలి నోటి ముందు పెట్టుకుని, ఒకసారి ఉఫ్ఫని ఊది అన్నాడు:

"హలో... హలో... మైక్ టెస్టింగ్..."

అన్నాక గాని తనేం చేశాడో తెలియలేదు.

ఆ మాట సరుగుడు మొక్కల మధ్య నుంచి ఉత్తరపు గట్టు దాకా పోయింది. అక్కడ రాగి తీగ ఉన్న హద్దు దగ్గర తిరిగింది. కొబ్బరికాయంత ముద్దలా దొర్లుకుంటూ వెనక్కి వచ్చి, అతని చెవి పక్కనుంచి దాటి, దక్షిణానికి పోయింది. "హలో... హలో..." మూడు నిమిషాలకి మళ్ళీ వచ్చింది. ఇసుమంత కూడా అరగలేదు.

వెనకనుంచి రత్నం వచ్చింది, భోజనానికి కనిపించలేదని వెతుక్కుంటూ. మొగుడు నోటి ముందు పిడికిలితో కొయ్యబారి నిలబడి ఉన్నాడు. అతని గొంతు అతని చుట్టూనే తిరుగుతోంది. ఆవిడకి నవ్వాగలేదు. కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వింది. "ఊరందర్నీ నోర్మూసుకోమని... అయ్యయ్యో..." అంటూ మళ్ళీ నవ్వింది.

తాతారావు వెనక్కి తిరిగాడు. "నోర్ముయ్యవే గొడ్డుదానా!"

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట అతని నోట రాలేదు. ఎక్కడ దాక్కుని ఉందో అతనికే తెలియదు. అది బయటికొచ్చింది, ఉత్తరపు గట్టుకి పోయింది, తిరిగొచ్చింది. ముందు హలో, వెనక ఆవిడ నవ్వు, ఆ వెనక ఆ మాట. వరసగా, ఒకదాని వెనక ఒకటి, గానుగ చుట్టూ ఎద్దుల్లా.

సంగతి ఇందుమతికి ఫోన్‌లో చెప్పాడు. "ఇంకో మూడు గంటలు ఆగితే సరిపోయేది కదండీ" అంది ఆవిడ.

తలుపులేసుకున్నా వినపడేది. ఇల్లూ ఆ హద్దులోనే ఉంది మరి. తాతారావు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. వీధరుగు మీద నిలబడి క్షమించమని గట్టిగా అందామనుకున్నాడు, అదీ తిరుగుతుందని భయపడి మానేశాడు. ఇద్దరూ సైగలతో కాపురం చేశారు. కూరలో ఉప్పు చాలకపోతే చేత్తో చూపించడం, జ్వరమొస్తే నుదురు తాకించడం. పదిహేను రోజులకి పిట్టలు రావడం మానేశాయి.

పంతొమ్మిదో రోజున రత్నం చీరలు మూట కట్టుకుంది. గేటు దాటి, రోడ్డు మీదికి వచ్చి, హద్దు బయట నిలబడ్డాక నోరు విప్పింది.

"నువ్వు ఒక్కసారే అన్నావు. నాకు తెల్సు. కోపంలో అన్నావు, అదీ తెల్సు. కానీ నాకు రోజుకి నాలుగొందలసార్లు వినపడతంది. నా నవ్వు ముందొత్తాది, ఎనకాల నీ మాటొత్తాది. ఇంక నాకు నవ్వాలంటేనే బయమేత్తంది."

"ఆ డ్రమ్ము ఎనక్కి తెత్తాను రత్నం. తెచ్చి ఇక్కడే మూత తీత్తాను. అన్నీ తాగేద్ది."

"తే. తెచ్చాక కబురెట్టు" అని ఆవిడ అమలాపురం ఆటో ఎక్కింది, అన్నగారింటికి.

తాతారావు మర్నాడే హైదరాబాదు రైలెక్కాడు.

ఇందుమతి ప్రయోగశాల ఒక పాత భవనం కింది అంతస్తులో ఉంది. అక్కడే నిరంజన్ కచేరీకి సాధన చేయిస్తున్నాడు. ఇసుక నింపిన మృదంగం, తీగల్లేని వీణ, ఎండుటాకులు నలుపుతున్న పన్నెండుమంది. మూల బల్ల మీద రాగి డ్రమ్ము ఉంది.

"వేరే చోటుది తీసి పోస్తే సరిపోదా?" అని అడిగాడు తాతారావు.

"ఏ చోటుది ఆ చోటుకే అతుకుతుందండి" అంది ఇందుమతి. "పైగా ఒక్కసారి తెరిస్తే అంతా పోతుంది. సగం వాడి సగం దాచడం కుదరదు."

నిరంజన్ వైపు తిరిగాడు తాతారావు. "బాబుగారండీ, ఇచ్చెయ్యండి. నా ఇల్లు నిలబడదు."

నిరంజన్ అరవలేదు, విసుక్కోలేదు. అదే తాతారావుకి ఎక్కువ మండింది. "పన్నెండేళ్ళు పని చేశాను దీని మీద. గురువుగారు పోయేముందు కూడా నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. మీకు అన్యాయం జరిగింది, కాదనను. కానీ మాట్లాడింది నేను కాదు కదా తాతారావుగారూ."

ఆ ఒక్క ముక్క అతను నిరంజన్‌ని తిట్టేటప్పుడు ఎవరికీ చెప్పడు.

రాత్రి ఇందుమతే అతన్ని పక్కకి పిలిచింది. "రేపు హాల్లో డ్రమ్ము మీ చేతుల్లోనే ఉంటుంది. వేదిక పక్క తలుపు గడియ తీసి ఉంచుతాను. బయట మా కారు, డ్రైవరు ఉంటారు. తెల్లారేసరికి మీ తోటలో ఉంటారు."

"మరి తమ్ముడుగారు?"

"వాడు నాతో మాట్లాడడు. అంతేగా. వాడికి నిశ్శబ్దం అలవాటే."

కచేరీ సాయంత్రం ఆరున్నరకి. గుమ్మం దగ్గర గోడకి అంటించిన కాగితం తాతారావు చదివాడు. వాయిద్యాల పేర్లన్నీ అయ్యాక చివర వేశారు: నిశ్శబ్దం, వాసంశెట్టి తాతారావు, అల్లవరం. చదివి, అక్షరాల మీద వేలు ఒకసారి రాసి, లోపలికి పోయాడు. అతని మనసు మారలేదు. జనం కూర్చోగానే, దీపాలార్పగానే లేచిపోవాలి. డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని వేదిక పక్క కుర్చీలో కూర్చున్నాడు. తలుపు నాలుగడుగుల దూరం.

దీపాలార్పారు. అతను లేచాడు కూడా.

వేదిక మీద ఎవరో ఎండుటాకు ఒకటి నలిపారు. కాసేపటికి ఇంకోటి. తాతారావు ముఖం చిట్లించుకుని, అడుగు తలుపు వైపు వేశాడు. ఇసుక మృదంగం మీద దెబ్బ పడింది, గోతాం మూట నేల మీద పడినట్టు. వయొలిన్ కర్ర మీద కమాను గీకింది. దీనికి టిక్కెట్టా అనుకున్నాడు. అనుకుంటూనే ఆగాడు. అలవాటైన చెవి, దాన్నెవడు ఆపగలడు. ఆకుల చప్పుడు ఒక పక్కనుంచి పెరుగుతోంది, కమాను గీరుడు రెండో పక్కనుంచి. రెంటికీ మధ్య సందు ఒకటుంది, అది సన్నగిల్లుతోంది. ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎక్కడికో పోవాలని తోసుకుంటున్నాయి, పోవడానికి చోటు లేదు. అరగంట గడిచిందని అతనికి తెలియలేదు. డ్రమ్ము పట్టుకుని నిలబడే ఉన్నాడు.

చిన్నప్పుడు తండ్రి ఒక మాట చెప్పేవాడు. "మైకువాడు పాట వినకూడదురా. అది ఎక్కడ ఆగాలనుకుంటందో అదొక్కటీ వినాలి." నోటితో పాడేవాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో, వక్త ఎక్కడ గ్లాసు కోసం చూస్తాడో, అది ముందే పసిగట్టి మీట మీద వేలుంచేవాడు తాతారావు. నలభై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

ఇప్పుడు ఆ పన్నెండుమందీ, ఆ మృదంగం, ఆ తీగల్లేని వీణ, అన్నీ కలిసి ఒక్కటే అడుగుతున్నాయి. దాహం అడుగుతున్నాయి. మండు వేసవిలో పశువులు తొట్టి దగ్గర మూతులెత్తి నిలబడినట్టు నిలబడి ఉన్నాయి. నీళ్ళు అతని చేతుల్లో ఉన్నాయి. నిరంజన్ ఇంకా చెయ్యి ఎత్తలేదు. సైగ చెయ్యడానికి ఇంకా రెండు క్షణాలున్నాయి. ఆ రెండు క్షణాలు ఆగితే ఆలస్యమవుతుందని తాతారావు చెవికి తెలుసు.

మూత తిప్పేశాడు.

శబ్దం ఆగిపోలేదు, ఇంకిపోయింది. మొదట ఆకులు, తర్వాత కమాను, చివరికి నాలుగు వందలమంది ఊపిరి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, వినపడవు. ముందు వరసలో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక పెద్దాయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాళ్ళకి అది ఏదో గొప్ప ఖాళీ. తాతారావుకి ఖాళీ కాదు. అది మధ్యాహ్నం మూడు గంటలప్పటి తోట. గాలి ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిరిగే ముందు మొక్కలన్నీ ఒక్క నిమిషం ఆగుతాయే, అది. భోజనం చేసి తండ్రి నులకమంచం మీద పడుకుంటే ఇంట్లో అందరూ మునివేళ్ళ మీద నడిచినప్పటిది. రత్నం కొత్త కాపురానికి వచ్చిన ఏడు, అరుగు మీద కూర్చుని ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలో తెలియక ఊరుకున్న సాయంత్రాలవి. యాభై ఏళ్ళు అందులో బతికాడు గానీ దాన్ని విన్నది అప్పుడే. చెవిలో తుమ్మెద లేదు. ఏడు నిమిషాలు అతనూ అందరిలాగే విన్నాడు.

ఎనిమిదో నిమిషంలో ఎవరో దగ్గారు. ఫ్యాన్లు తిరగడం మళ్ళీ వినపడింది. తర్వాత చప్పట్లు మొదలై ఎంతకీ ఆగలేదు. నిరంజన్ వేదిక మీంచి అతని వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. తాతారావు ఉత్త డ్రమ్ము నేల మీద పెట్టి, గడియ తీసున్న తలుపులోంచి బయటికి పోయాడు. కారులో డ్రైవరు సిద్ధంగా ఉన్నాడు. అవసరం లేదని చెప్పాడు.

రైల్వే స్టేషన్ నుంచి రత్నానికి ఫోన్ చేశాడు.

"తెచ్చావా?"

"లేదు."

"ఇయ్యనన్నాడా?"

అబద్ధం తాతారావు నోటి దాకా వచ్చింది. "నేనే మూత తీసేశాను రత్నం. అక్కడే."

అవతల ఆవిడ ఊపిరి వినపడింది. "ఎలాగుంది?"

"బాగుంది" అన్నాడు. "మన తోటలాగే ఉంది."

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత అతను అమలాపురంలోనే ఒక గది తీసుకున్నాడు, ఆవిడ అన్నగారింటికి రెండు వీధుల అవతల. మైకు సెట్టు అమ్మేశాడు. రత్నం వారానికోసారి క్యారేజీ తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఒకరోజు గుమ్మంలో ఆగి అంది: "ఇక్కడ ఏ మాటన్నా గాల్లో కలిసిపోద్ది. మాట్టాడు." అతను క్యారేజీ మూత తీసి, చూసి, "వంకాయా?" అన్నాడు. ఆవిడ మరో క్షణం ఆగి వెళ్ళిపోయింది.

సరుగుడు నరకడానికి కూలీలని పెట్టాడు. వాళ్ళు మూడు దెబ్బలు వేశారు. ఆ మూడు దెబ్బలూ తిరిగొచ్చేసరికి గొడ్డళ్ళు అక్కడే పడేసి పరుగెత్తారు. కొంటానన్నవాడు గేటు దాకా వచ్చి, చెవి ఒగ్గి, ఆడమనిషి నవ్వూ దాని వెనక మాటా విని, దండం పెట్టి పోయాడు. నిరంజన్ ఒక్కడే కావాలన్నాడు. అక్కడ జనాన్ని కూర్చోబెట్టి ఇంకో కచేరీ చేస్తాడట. ఆ ఉత్తరం తాతారావు చింపి పారేశాడు.

మొన్న మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళాడు. రైటరు మారాడు గానీ ప్రశ్న అదే. ఈసారి తాతారావు తోట పాసుపుస్తకం బల్ల మీద పెట్టి, పోయింది రాసుకోమన్నాడు: సర్వే నంబరు రెండు వందల పద్నాలుగులో రెండో భాగం, మెరక, ఒక ఎకరం అరవై ఎనిమిది సెంట్లు.